ఇందిరాదేవి బోణీ

ఆ శుక్రవారం పొద్దున శ్రీరామమూర్తి వేసుకున్న పథకం చాలా చిన్నది. పిన్‌బాల్ బల్లను పికప్‌లోకి ఎక్కించాలి, అల్ అజీజియాలో పాత ఆటబల్లల కన్వెన్షన్ జరిగే హాలుకు చేర్చాలి, తనలాంటి పిన్‌బాల్ పిచ్చివాళ్ళ చేత దాన్ని పొగిడించాలి. ఆ పొగడ్తలు విని భార్య మనసు మారాలి. చివరిది జరక్కపోతే ముందువన్నీ దండగే.

ఎందుకంటే ఆ బల్ల ఆ సాయంత్రమే చేతులు మారబోతోంది. ఆ గల్ఫ్ నగరంలో, ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో వాళ్ళు ఉంటున్నది ఒక విల్లాలో చిన్న వాటా. పడకగదిలో మంచం, బీరువా, వాటి మధ్య ఇరుక్కుని పిన్‌బాల్ బల్ల. అది అడ్డుగా ఉండటం వల్ల బీరువా కుడి తలుపు తెరుచుకోదు. మూడేళ్ళుగా ఇందిరాదేవి ఎడమవైపు అరల్లోని చీరలే తిప్పి తిప్పి కడుతోంది. ఎవరింట్లోనో వ్రతానికి వెళ్తే, "ఈ చీరంటే మీకు ప్రాణంలా ఉందే!" అని ఒకావిడ మెచ్చుకుంది. మర్నాడే ఇందిరాదేవి బల్లకు బేరం కుదిర్చింది. ఉమ్ సలాల్‌లో పిల్లల పార్టీలకు తోట అద్దెకిచ్చే గౌస్ మొహియుద్దీన్ కన్వెన్షన్‌కే వచ్చి చూసి, అటునుంచి అటే పట్టుకుపోతానన్నాడు.

"అక్కడ దాని వైభవం చూశావంటే నువ్వే వద్దంటావు ఇందిరా," అన్నాడు శ్రీరామమూర్తి.

"నేనొస్తున్నది అది వెళ్ళిపోవడం కళ్ళారా చూడ్డానికండీ," అంది ఆమె, పికప్ ముందు సీట్లో స్థిరపడుతూ.

ఆయన కంపెనీలో వంతెనల డిజైన్లు చూసే ఇంజనీరు. తుక్కులో పడున్న ఆ బల్లను తెచ్చి, తీగ తీగా విప్పి బతికించాడు. ఆట తేలికే. గాజు కింద వాలుగా బల్ల, దాని మీద గంటలు, దీపాలు, దొర్లే ఇనుప గోలీ. కిందికి జారే గోలీని, బొత్తాలు నొక్కి రెండు రెక్కలతో కొట్టి మళ్ళీ పైకి పంపాలి. రెక్కల మధ్య సందులోంచి పడిపోయిందా, ఆట సరి. మామూలు మనిషి చేతిలో ఒక నిమిషం నిలిస్తే గొప్ప.

హాల్లో బల్ల దించి ప్లగ్గు పెట్టాక, తుడవడానికి పైగాజు తీసి, బ్యాడ్జీ తెచ్చుకోవడానికి వెళ్ళాడు. అక్కడ క్యూ చాంతాడంత ఉంది.

పికప్ డ్రైవర్ భూమేష్‌ది జగిత్యాల దగ్గర పల్లె. చుట్టూ ఉన్న బల్లల్నీ రంగు దీపాల్నీ చూసి, సారు ఏదో దుకాణం తెరుస్తున్నాడని నిశ్చయించుకున్నాడు.

"అమ్మా, బొట్టు వెట్టలే, నిమ్మకాయ వెట్టలే. గట్లనే మొదలువెడితె కలిసొస్తదా?"

సాయంత్రం బేరం సవ్యంగా తెగాలని ఇందిరాదేవికీ ఉంది. హ్యాండ్‌బ్యాగ్‌లోంచి కుంకుమ తీసి బల్లకు మూడు బొట్లు పెట్టింది. భూమేష్ పరుగున వెళ్ళి, పికప్‌లో దిష్టికి పెట్టుకున్న నిమ్మకాయ తెచ్చాడు. ఎక్కడ పెట్టాలా అని చూస్తే, రెండు రెక్కల మధ్య ఖాళీ సరిగ్గా నిమ్మకాయంతే ఉంది. అది అందుకోసమే వదిలారనుకుంది ఆమె. కాయను అక్కడ గట్టిగా నొక్కి, ఇద్దరూ కలిసి గాజు మూసేశారు.

"బోణీ మీ చేతులతోటే కానియ్యుండ్రి అమ్మా."

ఇందిరాదేవి మీట లాగి వదిలింది. గోలీ పైకెళ్ళి నాలుగు గంటలు మోగించి కిందికొచ్చింది. నిమ్మకాయకు తగిలి రెక్క మీదికి దొర్లింది. ఆమె బొత్తాం నొక్కింది. మళ్ళీ పైకి, మళ్ళీ కిందికి, మళ్ళీ నిమ్మకాయ.

"ఇదెప్పటికి అయిపోతుంది భూమేష్?"

"ఏమోనమ్మా, తిరుగుతనే ఉన్నది!"

మొదట ఇద్దరు ఫిలిప్పీన్ కుర్రాళ్ళు ఆగారు. తర్వాత ఒక మలయాళీ కుటుంబం, ఆ తర్వాత పక్క బల్లల వాళ్ళంతా. ఎవరీమె అని హిందీలో అడిగితే, "మా మేడమ్, ఇండియా," అని భూమేష్ గర్వంగా చెప్పాడు. అది నిర్వాహకుడు జహాంగీర్ చెవిన పడేసరికి 'ఇండియా చాంపియన్' అయింది. ఆయన మైకులో అదే ప్రకటించాడు. మధ్యలో ఆ నిమ్మకాయేమిటని ఎవరికో సందేహం వస్తే, అలా అడ్డం పెట్టుకుని ఆడటం ఇండియాలో చాలా కష్టమైన పద్ధతని తెలిసినవాడొకడు వివరించాడు. చప్పట్లు మోగాయి.

శ్రీరామమూర్తి బ్యాడ్జీ మెళ్ళో వేసుకుని వచ్చి, జనాన్ని తోసుకుని ముందుకెళ్ళి చూశాడు. బల్ల మీద కుంకుమ, సందులో నిమ్మకాయ, తన జీవితంలో ఎన్నడూ చూడనంత స్కోరు. పాయింట్ల విషయంలో ఆయన మహా నిజాయితీపరుడు. ఆపమని అరవబోయి, ఆమె మొహం చూశాడు. కొంగు నడుముకు దోపి, పెదవి కొరుక్కుంటూ, చిన్నపిల్లలా నవ్వుతోంది. ఆయనకు ఒక్కసారిగా ఎంతో సంతోషం వేసింది.

ఆ సంతోషాన్ని గౌస్ మొహియుద్దీన్ ఎక్కువసేపు ఉండనివ్వలేదు. "సార్, గింత జనం నా తోటకొస్తె ఇంకేం కావాలె? నాకిప్పుడే కావాలె మషీన్. యల్లా, జల్ది!" అన్నాడు.

కోరుకున్న పొగడ్తే కొంప ముంచింది. నిమ్మకాయ సంగతి బయటపెడితే బేరం చెడుతుంది, బల్ల దక్కుతుంది. కానీ ఇంతమందిలో ఇందిర నవ్వులపాలవుతుంది. శ్రీరామమూర్తి "సరే, ఆమె ఆట అవ్వనివ్వండి," అన్నాడు. అలా అంటున్నప్పుడు ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

ఆట నిమ్మకాయే ముగించింది. అన్ని దెబ్బలు తిన్న కాయ చివరికి చితికిపోయింది. రసం సందులోంచి లోపలి తీగల మీదికి దిగింది. దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, గంటలన్నీ ఒక్కసారి మోగాయి, ఇక ఆగలేదు.

"మాఫీ సార్, మాఫీ!" అని అరబ్బీలో వద్దంటూ మొహియుద్దీన్ వెనక్కి దూకాడు. "పిల్లల పార్టీల కరెంట్ షాక్ కొడితె నా పని ఖతం!"

శ్రీరామమూర్తి ప్లగ్గు పీకి, గాజు తీసి, తుక్కైన కాయను బయటికి తీశాడు. జహాంగీర్ కడుపు పట్టుకుని నవ్వి ఆ స్కోరును రద్దు చేశాడు. ఇందిరాదేవికి సంగతి అప్పుడర్థమైంది.

"ఇదంతా నిమ్మకాయ ఆడిందా? మీకు తెలుసా?"

"చూడగానే తెలిసింది."

"మరి చెప్పరేం?"

"నవ్వుతున్నావు కదా అని."

ఆయన తుడిచి, ఆరబెట్టి, బల్లను దారిలో పెట్టేదాకా ఆమె పక్కనే నిలబడింది. తర్వాత మళ్ళీ మీట లాగింది. గోలీ పైకెళ్ళింది, ఒక్క గంట మోగించింది, తిన్నగా సందులో పడింది. జనం పలచబడ్డారు.

గంట మళ్ళీ మోగడం విని మొహియుద్దీన్ తిరిగొచ్చాడు. "బాగైందా సార్? అయితె ఎక్కించుకుంట."

శ్రీరామమూర్తి తలొంచుకుని పక్కకు జరిగాడు. ఇందిరాదేవి మాత్రం జరగలేదు.

"మాఫీ," అంది బల్లకు అడ్డంగా నిలబడి. "నిమ్మకాయ లేకుండా ఆ స్కోరు కొట్టేదాకా ఇది ఎక్కడికీ రాదు. భూమేష్, బండి తియ్యి. ఇంటికి."

బల్ల మళ్ళీ పడకగదిలో పాత చోటికే చేరింది. శ్రీరామమూర్తి ఇప్పుడు దానిమీద ఆడాలంటే ఆమె వంటలో ఉన్న సమయం చూసుకోవాలి. ఆ సమయం కూడా రోజురోజుకీ తగ్గిపోతోంది.

బీరువాలో కుడివైపు చీరలు అసలు తనకెప్పుడూ నప్పలేదని ఇందిరాదేవి ఇప్పుడు అంటోంది.