సూర్యుడి తప్పు దిద్దిన ఇల్లు

ఫిబ్రవరిలో ఆ ఆదివారం మా ఇంట్లో ఉన్నవాళ్లు: టీవీ ముందు మా నాన్న అమరేశ్వరరావు, మంచం మీద నాయనమ్మ రంగనాయకమ్మ, వంటింట్లో అమ్మ, డాబా మీద నేను చేసిన ఎండ గడియారం, హాల్లో అరగంట ముందు నడిచే గోడ గడియారం. వీళ్లలో అందరూ గౌరవించేది ఆ చివరిదాన్నే. నేనూ ఉన్నాను గానీ, నన్ను లెక్కపెట్టే అలవాటు మా ఇంట్లో లేదు.

పాఠకులారా, తప్పు టైమ్ చూపించే గడియారం ఇంటికొక వరం! నవ్వకండి. నిరూపిస్తాను.

మా ఊరు ఈపూరు దగ్గర. నాన్నకు ఒకసారి నరసరావుపేట బస్సు తప్పిపోయింది. ఆ కోపంలో ఇంటికొచ్చి గోడ గడియారం ముల్లు అరగంట ముందుకు తిప్పాడు. ఇక బస్సు తప్పదు కదా? ఆ రోజు నుంచి నాన్నకు ఏ బస్సూ దొరకలేదు! అది ముందున్నదని అందరికీ తెలుసు మరి. నాన్న దాన్ని చూసి, ధైర్యంగా నలభై నిమిషాలు తీసేస్తాడు. నాయనమ్మ పావుగంట తీసేస్తుంది. అమ్మకు తీసివేతలు చేసే తీరిక లేదు కాబట్టి ఉన్నదున్నట్టు నమ్మి, అందరికంటే ముందు లేచి వంట మొదలుపెడుతుంది. ఒకే గడియారం, మూడు టైములు! ఎంత ఖరీదైన స్మార్ట్ వాచీ అయితే మాత్రం ఇలా మనిషినిబట్టి నడుస్తుందా?

చరిత్ర కూడా మా ఇంటి పక్షానే ఉంది. రైళ్లు రాకముందు ఏ ఊరి మధ్యాహ్నం ఆ ఊరిదే. పాతిన కర్ర నీడ ఎప్పుడు బాగా పొట్టిదైతే అప్పుడే పన్నెండు. మాచర్లలో పన్నెండయ్యేసరికి నరసరావుపేటలో రెండు నిమిషాలు దాటేది. దానికోసం ఎవరూ తలలు పగలగొట్టుకోలేదు. పల్నాట్లో అది చిన్న విషయమా?

తర్వాత దేశమంతటికీ ఒకే టైమ్ పెట్టారు. అది ఎనభై రెండున్నర డిగ్రీల రేఖాంశానిది. మనమేమో ఎనభై దగ్గరున్నాం. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున మన సూర్యుడు పది నిమిషాలు లేటు. భూమి ఏడాది పొడుగునా సూర్యుడి చుట్టూ ఒకే వేగంతో తిరగదు, పైగా వాలి ఉంటుంది. అందువల్ల ఫిబ్రవరిలో ఇంకో పద్నాలుగు. అంటే ఫోన్‌లో పన్నెండయితే, నా ఎండ గడియారంలో పదకొండూ ముప్పై ఆరు. మా గోడ మీద పన్నెండున్నర!

ఆ ఎండ గడియారం పెద్ద వస్తువేం కాదు. ఒక ప్లైవుడ్ పలక, దాని మీద నిలబెట్టిన రేకు ముక్క. రేకు వాలు మన అక్షాంశమంత, పదహారు డిగ్రీలు. రేకు కొస సరిగ్గా ఉత్తరానికి చూడాలి. కష్టమంతా గంటల గీతల్లోనే. ఏడుకూ ఎనిమిదికీ మధ్య ఇరవై డిగ్రీల ఎడం వస్తుంది. పదకొండుకూ పన్నెండుకూ మధ్య నాలుగే! ఈ లెక్క కట్టినవాళ్లెవరో గానీ, అన్నం బెల్లుకు ముందు పీరియడ్‌లో ఎప్పుడూ కూర్చుని ఉండరు.

దాన్ని చూడటానికి మా సైన్స్ టీచర్ జెబా మేడమ్ ఆ రోజు ఇంటికొస్తానన్నారు. అది బాగుంటే నరసరావుపేటలో జరిగే జిల్లా సైన్స్ ప్రదర్శనకు నన్ను పంపమని నాన్ననూ అడుగుతానన్నారు. నాకు వెళ్లాలని ఎంత ఉందో నేను మేడమ్‌కూ చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు.

మేడమ్ రావడానికి కాసేపటి ముందు నాన్న డాబా ఎక్కాడు. నీడ చూశాడు, కిందికి దిగి గోడ గడియారం చూశాడు, మళ్లీ ఎక్కాడు. దాదాపు గంట తేడా! కూతురు టీచర్ ముందు నవ్వులపాలవుతుందని ఆయనకు గుండె కలుక్కుమంది. నీడ గోడ గడియారం చెప్పిన టైమ్ మీద పడేదాకా పలకను కొంచెం కొంచెంగా పక్కకు తిప్పి, పైన ఇటుక పెట్టి మరీ దిగాడు. కూతురి మీద ప్రేమతో ఉత్తర దిక్కును జరిపిన తండ్రి ప్రపంచంలో ఇంకొకడు ఉన్నాడా?

మేడమ్ వచ్చి, డాబా ఎక్కి, ఫోన్‌లో దిక్సూచి పెట్టి చూసి, ఉత్తరం ఇటు పోయిందేమిటని నన్నడిగారు. నేను పలక మీది ఇటుకను చూశాను.

"నేనే సరిచేశా మేడమ్. పిల్ల దాన్ని గంట వెనక్కి పెట్టింది," అన్నాడు నాన్న.

మేడమ్ చాలాసేపు టీ తాగారు. తర్వాత ఇటుక తీసి పలకను మళ్లీ ఉత్తరానికి తిప్పించి, గీతలన్నీ కొలిచి, హాల్లోకి దిగొచ్చి రెండో కప్పు టీ తీసుకుని, నన్ను ఎంపిక చేశానన్నారు. ఒక్క రోజే. సాయంత్రం ఆరింటికల్లా తానే తీసుకొచ్చి ఇంట్లో దింపుతానన్నారు. ఆడపిల్ల ఆరింటికి ఇంట్లో ఉండాలన్నది మా ఇంటి రూలే కాబట్టి ఇక అడ్డమేముంది?

నాన్న గోడ వైపు చూశాడు. "మీ ఆరంటే మా ఇంట్లో ఆరున్నర మేడమ్."

చూశారా ఈ గడియారం గొప్పతనం! నాన్న పేకాట నుంచి వచ్చేటప్పుడు నలభై నిమిషాలు తగ్గే ముల్లు, నేను గడప దాటాలనేసరికి ఒక్క నిమిషం కూడా తగ్గదు.

"అయినా దానికి పోవాలని లేదులే మేడమ్," అన్నాడు నాన్న, మర్యాదగానే. "ఉంటే నోరు తెరిచి అడిగేది గదా."

"ఉంది నాన్నా," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "చానా ఉంది. ఆ అరగంట నాకు గూడా తీసెయ్."

మేడమ్ కప్పు కింద పెట్టారు. నాయనమ్మ మంచం దిగొచ్చి, నా రెక్క పట్టుకుని వసారాలోకి నడిపించింది.

"పెద్దోళ్లు నీ సంగతే మాట్టాడుకోవాలమ్మే. నువ్వు ఎదురుగా ఉంటే ఎట్టా?" అని, లోపలికి పోయి తలుపేసింది.