మంచం కింద పడక

అక్క పెళ్ళికి సెలవు దొరకాలంటే ఆ ఉదయపు తనిఖీలో దుప్పటి మీద ఒక్క ముడత కూడా ఉండరాదు. సైనిక పాఠశాలలో చేరిన నాటి నుంచీ పక్క సరిగా వేయలేక తోటివాళ్ళచేత ‘ముడత’ అనే బిరుదు పొందిన కుర్రవాడు, ఈసారి బుర్రకు పదును పెట్టాడు. పక్క చక్కగా పరిచి, దాన్ని తాకకుండా మంచం కింద పడుకుని, గంట కొట్టక ముందే లేచి నిలబడాలన్నది పథకం. ఇంతటి ఆలోచన మరెవరికీ తట్టి ఉండదని మురిసిపోయాడు. ఆ మురిపెంలో ఒళ్ళు మరిచి నిద్రపోయాడు.

కళ్ళు తెరిచేసరికి ముక్కుకు జానెడు దూరంలో డ్రిల్ మాస్టారి బూట్లు. వాటి మెరుపులో తన ముఖం తనకే కనిపించి హడలిపోయాడు.

“ఏడీ ముడత?”

“స్నానానికెళ్ళాడు సార్,” అన్నాడు పక్క మంచం కళ్ళజోడు, స్నేహధర్మం కొద్దీ.

“నేను అక్కణ్ణుంచే వస్తున్నా. పంపులో చుక్క నీళ్ళు లేవు.”

“అయితే మందుల గదికి సార్. కడుపునొప్పన్నాడు.”

కంపౌండరుకు కబురు వెళ్ళింది. రాత్రి డ్యూటీలో తాను గుర్రుపెట్టిన సంగతి ఎక్కడ బయటపడుతుందోనని, “వచ్చాడండీ. మాత్రేసి పంపించా,” అన్నాడాయన. వెంట వచ్చిన గేటు వాచ్‌మన్ మాత్రం తక్కువ తిన్నాడా?

“అయితే వాడే సార్! తెల్లారగట్ల గోడ దూకుతుంటే చూశా. అరిచినా ఆగలేదు.”

“కడుపునొప్పితోనా?”

“మాత్ర బాగా పనిచేసినట్టుంది సార్. జింకలా పోయాడు.”

ముడత మింగలేక కక్కలేక పడి ఉన్నాడు. బయటికొస్తే గుట్టు రట్టయి సెలవు పోతుంది, రాకపోతే పారిపోయినవాడవుతాడు. ఇంతలో గోధుమరంగు బూట్లు వచ్చి నిలిచాయి. ప్రిన్సిపాల్‌గారు!

“పారిపోయేవాడు పక్క ఇంత బాగా సర్దుకుని పోతాడా మాస్టారూ?”

“మన శిక్షణ అలాంటిది సార్,” అన్నాడు డ్రిల్ మాస్టారు ఛాతీ ఉబ్బించి.

“సరే, వాళ్ళ నాన్నకు ఫోన్ చేస్తా.”

పెళ్ళివారింట్లో ఈ కబురు పేలితే ఏమవుతుందో ముడతకు క్షణంలో కళ్ళకు కట్టింది. “వద్దు సార్! ఇక్కడే ఉన్నా!” అంటూ పాక్కుంటూ బయటపడ్డాడు.

“చూశారా సార్, తిరిగొచ్చేశాడు!” అన్నాడు వాచ్‌మన్.

ప్రిన్సిపాల్ అతన్ని లేపి నిలబెట్టి, చొక్కా వెనక బూడిదరంగులో అంటిన దుమ్మును తేరిపార చూశారు. ఏదో సందేహం వచ్చి, వరుసలో నిలబడ్డ విద్యార్థుల వైపు తిరిగారు.

“అందరూ వెనక్కి తిరగండి.”

ఎవరూ కదలలేదు. ఆ పాఠశాల చరిత్రలో అమలుకు నోచుకోని తొలి ఆజ్ఞ అదే. డ్రిల్ మాస్టారు గర్జించాక గాని తిరగలేదు. ఆ చివరి నుంచి ఈ చివరి దాకా దాదాపు ప్రతి వీపూ బూడిదరంగే, కళ్ళజోడు వీపుతో సహా. పథకం ముడతది కాదు, పాఠశాలంత పాతది.

“ఇప్పుడు చెప్పండి మాస్టారూ, వీడి తప్పేంటి?”

డ్రిల్ మాస్టారు నలగని దుప్పటిని ఓసారి తడిమి చూశాడు. “గంటకు లేవకపోవడం సార్.”

దుప్పటి మీద ముడతలు లేవు గనుక సెలవు మంజూరైంది. వరుసలో ఓ మూలన మాత్రం చొక్కా వెనక తెల్లగా ఉన్న కుర్రవాడు ఒక్కడు తేలాడు. మంచం మీద పడుకున్నందువల్ల దుప్పటి నలిగిందని అతని సెలవు రద్దు చేశారు.