చంద్రప్ప అడిగిన తొక్కు

ఆ రోజు పొద్దున విరూపాక్ష వేసుకున్న ప్లాను చాలా చిన్నది. మెకానిక్ చంద్రప్ప రిపేరు చేసి నిన్న ఇంటి ముందు వదిలిపోయిన కారులో భార్య మనోరమను ఆర్టీఓ ఆఫీసుకు తీసుకుపోవాలి, ఆమె డ్రైవింగ్ టెస్టు పాసవ్వాలి, మధ్యాహ్నం అన్నం తిని ఒక కునుకు తీయాలి. అంతే.

మనోరమ రాయికోడ్ సర్కారు దవాఖానలో నర్సు. పొద్దున పోవడానికి బస్సుంది గానీ, సాయంత్రం వచ్చే బస్సు దాని ఇష్టం. వస్తే వచ్చినట్టు, లేకుంటే లేదు. కాన్పు కేసు ఆలస్యమైతే ఆమె చెరుకు లారీ ఆపి, డ్రైవరును బతిమాలి ఇల్లు చేరిన రోజులు చాలానే ఉన్నాయి. అందుకే పట్టుబట్టి డ్రైవింగ్ స్కూల్లో చేరి నేర్చుకుంది. పోయినసారి టెస్టు తేదీకి కారు షెడ్డులో ఉండిపోయింది. ఈసారీ తప్పితే లర్నింగ్ లైసెన్సు గడువు దాటిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టాలి.

విరూపాక్ష ఇన్సూరెన్సు ఏజెంటు. కారు విషయంలో ఆయనకొక నియమం ఉంది. గల్లీ దాటి ఖాళీ రోడ్డు వచ్చాక మనోరమ నడపవచ్చు. స్టార్ట్ చేసి బయటికి తీయడం మాత్రం అనుభవం ఉన్న చెయ్యి చేయాలి. ఆ చెయ్యి తాళం తిప్పింది. కారు కిక్కురుమనలేదు.

మళ్ళీ తిప్పాడు. స్టీరింగ్ ముందర ఎర్ర లైట్లు వెలిగాయి, హారన్ మోగింది, వైపర్లు కూడా అటూ ఇటూ ఊగాయి. ఇంజను తప్ప అన్నీ పనిచేస్తున్నాయి.

"జర జరుగుండ్రి, నేనొకసారి చూస్త" అంది మనోరమ.

"టెస్టు పొద్దు నువ్వు టెన్షన్ తీస్కోకు. పక్కకు కూసో" అన్నాడు విరూపాక్ష.

ఎదురింటి బసవరాజ్ అప్పుడే ట్రాక్టరు కడుగుతున్నాడు. ఫ్యాక్టరీకి చెరుకు తోలే మనిషి కనుక, చక్రాలున్న ప్రతిదాని మీదా ఆయనకొక అభిప్రాయం ఉంటుంది. "బ్యాటరీ అన్నా, ఇంకేం లేదు" అని తేల్చి, ట్రాక్టరు తెచ్చి దాని బ్యాటరీ నుంచి కారుకు వైర్లు కలిపాడు. హారన్ ఇంకా గట్టిగా మోగింది.

"వెనక నుంచి నూకుదమా?" అన్నాడు బసవరాజ్.

"ఇప్పటి బండ్లను నూకద్దు. లోపల కంప్యూటర్ ఖరాబైతది" అన్నాడు విరూపాక్ష. ఈ సంగతి ఎవరు చెప్పారో ఆయనకే గుర్తులేదు.

ఇక రిపేరు చేసిన చంద్రప్పకే ఫోన్ కొట్టాడు. చంద్రప్ప కోహీర్‌లో చెల్లెలి బిడ్డ పెళ్ళిలో ఉన్నాడు. ఫోనులో అతని కంటే ముందు బ్యాండు వినిపించింది.

"చంద్రప్పా! బండి స్టార్ట్ అయితలేదు!"

"సార్... తొక్కు... తొక్కాలె సార్... తొక్కు!"

విరూపాక్ష ఫోన్ పెట్టేశాడు. "అన్నం తినెటందుకు బంతిల కూసున్నడు. తొక్కు కావాల్నంట. నాతోని మాట్లాడుకుంటనే వడ్డించేటోళ్ళను పిలుస్తుండు" అన్నాడు.

"మామిడికాయ తొక్కు పచ్చడేనా?" అన్నాడు బసవరాజ్.

చంద్రప్ప మళ్ళీ రెండుసార్లు ఫోన్ చేశాడు. తిండి మీద తప్ప ధ్యాస లేని మనిషితో మాటలెందుకని విరూపాక్ష ఎత్తలేదు.

టైము దగ్గర పడుతోంది. టెస్టు కాగానే ఇంటికొచ్చి ఇంత తిని డ్యూటీకి పోవాలని మనోరమ తెల్లకోటు వేసుకునే కూర్చుంది. చివరికి బసవరాజ్ ట్రాక్టరుకు తాడు కట్టి కారును ఆఫీసు దాకా లాగుదామన్నాడు. "ఆడికి పోయినంక జూస్కుందం వదినా, ఫికర్ చెయ్యకు."

అట్లా ముందు ట్రాక్టరు, వెనక కారు, కారుకు రెండు వైపులా మినుకుమినుకుమనే లైట్లతో ఊరేగింపు బయలుదేరింది. మెయిన్ రోడ్డు మీద బస్సు అడ్డం రాగానే ట్రాక్టరు ఆగింది. విరూపాక్షకు ఒక్కసారిగా నీరసం వచ్చింది. ఈ నెలంతా రోజూ తెల్లవారుజామున లేచి, వంటింట్లో పీట మీద కూర్చుని ఉత్త గాలిలో గేర్లు మార్చిన మనోరమ గుర్తొచ్చింది. తల స్టీరింగ్ మీద వాల్చాడు. వాలిన తల సరిగ్గా హారన్ మీద పడింది.

కేక లాంటి ఆ మోతకు జనం తిరిగి చూశారు. ట్రాక్టరుకు కట్టిన కారు, పక్కన తెల్లకోటు నర్సు, స్టీరింగ్ మీద పడిపోయిన మనిషి.

"హార్ట్ ఎటాక్!" అని ఒకరు అరిచారు.

క్షణంలో తలుపు తెరుచుకుంది. నలుగురు కలిసి విరూపాక్షను ఎత్తి, రోడ్డు పక్క దుకాణం ముందున్న అల్లం బస్తాల మీద పడుకోబెట్టారు. ఒకరు చొక్కా గుండీలు విప్పారు, ఇంకొకరు మొహాన సోడా కొట్టారు.

"నాకేం కాలేదు!" అని ఆయన మొత్తుకున్నాడు.

"మా మామ గూడ గిట్లనే అన్నడు" అని సోడా కొట్టినాయన కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యో, ఆయన మంచిగనే ఉన్నరు!" అని మనోరమ అంటే, "పాపం, సిస్టరమ్మది ఎంత గుండె ధైర్యం" అనుకున్నారు తప్ప ఎవరూ వదల్లేదు.

వెనక బస్సులు ఆగిపోయాయి. "అమ్మా, ముందుగాల్ల బండి పక్కకు తియ్యి!" అని పోలీసు కేక వేశాడు. బసవరాజ్ తాడు విప్పాడు, నలుగురు నూకడానికి సిద్ధమయ్యారు. స్టీరింగ్ తిప్పడానికి మనోరమ డ్రైవరు సీట్లో కూర్చుంది. కూర్చోగానే, స్కూల్లో నేర్పినట్టు, బెల్టు పెట్టుకుంది, క్లచ్ తొక్కింది, తాళం తిప్పింది.

కారు గుర్రుమని స్టార్టయింది.

బస్తాల మీది రోగి అందరికంటే ముందు లేచి నిలబడ్డాడు.

అప్పుడే, సీట్లో పడి ఉన్న విరూపాక్ష ఫోనుకు చంద్రప్ప మళ్ళీ చేస్తే మనోరమే ఎత్తింది. ఈసారి బ్యాండు లేదు. "అమ్మా, క్లచ్ కాడి స్విచ్చి తీసేసి ఎవరో ఎన్నడో వైర్లు డైరెక్టుగ కలిపిన్రు, అందుకే ఇన్నొద్దులు తొక్కకున్న స్టార్టయ్యేది, నేను మళ్ళ స్విచ్చి పెట్టిన. గిప్పటి సంది క్లచ్ తొక్కితేనే స్టార్టయితది. పొద్దటి సంది సారుకు తొక్కు, తొక్కు అని మొత్తుకుంటున్న!"

మనోరమ భర్త వైపు చూసింది. ఆయన గుండీలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు.

ట్రాక్టరును పెట్రోలు బంకులో వదిలి, ఎందుకైనా మంచిదని తాడు చుట్టి చేత పట్టుకుని బసవరాజ్ కూడా కారెక్కాడు. ఆఫీసు దాకా మనోరమే నడిపింది. టెస్టులో ముందుకు పోయింది, వెనక్కి వచ్చింది, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించింది. గట్టున నిలబడ్డ విరూపాక్ష కాలు తెలియకుండానే నేలను తొక్కుతోంది. ఆమె దారికి రెండు వైపులా పాతిన కర్రల్లో ఒక్కటి కూడా తగలకుండా బయటికి వచ్చేసరికి, ఆయనకు నిజంగానే గుండె బరువెక్కి, కళ్ళు చెమ్మగిల్లాయి.

"పాసైన్రమ్మా" అని ఇన్‌స్పెక్టరు విరూపాక్ష వైపు తిరిగాడు. "లైసెన్సు చేతికొచ్చేదాంక అమ్మ పక్కన లైసెన్సున్నోళ్ళు ఉండాలె. మీది జూపెట్టుండ్రి."

విరూపాక్ష దర్జాగా తీసి ఇచ్చాడు. ఇన్‌స్పెక్టరు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

"దీని గడువు అయిపోయి ఏడాది దాటింది సార్. మీరు గూడ మళ్ళ టెస్టు ఇయ్యాలె. అప్పటిదాంక స్టీరింగ్ ముట్టద్దు. ఇంట్ల అమ్మ ఉన్నది గద, మంచిగ నేర్చుకోండ్రి."

లైసెన్సున్న బసవరాజ్ ముందు సీట్లోకి వచ్చాడు. మనోరమ క్లచ్ తొక్కి కారు తీసింది. వెనక సీట్లో విరూపాక్ష, ఆయన పక్కన తాడు కూర్చున్నారు. ఇంటికి చేరేదాకా ఆ రెంటిలో దేనితోనూ ఎవరికీ అవసరం పడలేదు.