బిజిలీకి పూర్తి విశ్రాంతి

గోదావరిఖనిలో టాంగా గుర్రాల కష్టాలు ఆ ఆదివారంతో తీరిపోతాయని మైకులో ముందుగానే చాటించారు. పట్నం నుంచి పశువుల డాక్టరు గారు వస్తున్నారు. గుర్రాల సంక్షేమ సభకు జీపులో రావడం మర్యాద కాదు గనుక, ఆయనను రామగుండం స్టేషన్ నుంచి టాంగాలోనే తేవాలని ఆ సభ పెట్టిన సంఘం కార్యదర్శి ముత్యం తీర్మానించారు. తెల్లగా, ఫోటోలో నిండుగా ఉంటుందని టాంగా తోలే వజీర్ గుర్రం బిజిలీని ఎంపిక చేశారు.

వజీర్ బిజిలీ మెడ చూపించాడు. బండి పట్టీ ఒరిసి ఒరిసి అరచేయంత పుండైంది. మందు పడకపోతే గుర్రం దక్కదు. గుర్రం దక్కకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు.

“ముత్యం సాబ్, ఇది బండి లాగే తీరుగ లేదు.”

“గందుకే గద కాక డాక్టర్ను తెస్తున్నం! ఇది లాగకుంటె ఆయనెట్ల వస్తడు? దీనికెట్ల నయమైతది?”

ఇంత చక్కని వాదం విన్నాక వజీర్ బిజిలీని బండికి పూన్చాడు. పుండు చూస్తే అతిథులు నొచ్చుకుంటారని దాని మీద బంతిపూల దండ వేశారు. డాక్టరు గారు, ముత్యం, ఇద్దరు పెద్దలు, ఒక మైకు పెట్టె ఎక్కారు.

సభ ఘనంగా జరిగింది. “నోరులేని జీవి కన్నీరు మన కన్నీరు!” అని ముత్యం మైకులో అరవగానే, గని కార్మికుడు పోశం అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టాడు. ఫోటో తీయనిదే దండ తీయకూడదన్నారు. ఫోటోగ్రాఫరు ఉపన్యాసాలన్నీ అయ్యాక వచ్చాడు. అప్పటికి డాక్టరు గారి రైలు వేళయింది.

డాక్టరు గారు నిజంగా దయగలవారు. తిరుగు దారిలో, దిగితే ఆలస్యమవుతుందని, బండిలోంచే వంగి, వజీర్ చేత దండ జరిపించి చూశారు. “అయ్యో, దీనికి నెలరోజులు పూర్తి విశ్రాంతి కావాలి. లేకపోతే బతకదు” అన్నారు. ఆ వెంటనే, “కొంచెం జల్దీ పోనివ్వు, రైలు తప్పేట్టుంది” అన్నారు.

మర్నాడు వజీర్ బండి కట్టలేదు. మొదటి షిఫ్టు సైరన్ మోగే వేళకు పోశం మరో ఐదుగురు కార్మికులతో, రోజూలాగే గనికి పోవడానికి వచ్చాడు.

“ఏంది కాక, ఇంక కట్టలే?”

“డాక్టర్ రెస్టు ఇయ్యమన్నడు బేటా.”

“గుర్రానికి రెస్టేంది? అదేమన్న పర్మినెంటా? మాకు మస్టర్ల హాజరు పోతది! నువ్వు కట్టకుంటె చెప్పు, ఇయ్యాల్టి సంది మొగిలి బండే ఎక్కుతం.”

వజీర్ కట్టాడు. ఆ ఆరుగురూ పోయిన నెల జబ్బు సెలవు కోసం జెండాలు పట్టి, సమ్మె చేసి గెలిచినవారే.

అయినా పోశానిది మెత్తని మనసు. ఆ పుండు కళ్లతో చూడలేనని ముందు సీటు ఇంకొకరికి ఇచ్చేసి, వెనక సీట్లో వెనక్కి తిరిగి కూర్చున్నాడు. అక్కడి నుంచి గుర్రం కనబడదు. రోడ్డు మాత్రం హాయిగా సాగిపోతూ కనబడుతుంది.