ఆషాఢంలో ఆగిన స్క్రిప్టు

నాకు పెళ్లయి సరిగ్గా నలభై ఒక్క రోజులు నిండాక మా వందనను ఆషాఢం ఎత్తుకుపోయింది.

ఎంతో దూరం కాదులెండి, సత్తెనపల్లి. వాళ్ల పుట్టిల్లు. మా నరసరావుపేటలో బస్సెక్కితే ఒక కునుకు పట్టేలోపు దిగొచ్చు. కానీ ఏం లాభం? ఆ నెలంతా కొత్తల్లుడు అత్తగారి గడప తొక్కకూడదు.

మీరు నవ్వుతారు గానీ, ఆ నలభై ఒక్క రోజుల్లో నాకు చిన్న చిన్న సంతోషాలు బాగా అలవాటయ్యాయి. పెసరట్టు తిరగేసేటప్పుడు వందన నాలుక కొస బయటపెడుతుంది. కూర దించి, ఒక చుక్క రుచి చూసి, "బాగుంది" అని తనకు తనే చెప్పుకుంటుంది. అవి లేకుండా ముప్పై రోజులా?

ఫోన్ చేశాను.

"వందనా, షట్టరు గడప లెక్కలోకి వస్తుందా?"

"ఏంది మీ ఉద్దేశం?"

"మీ కొట్టుకు షట్టరేగా ఉంది. ఇల్లు దాని వెనకాల. మావయ్యగారికి ఒక వెబ్ పేజీ చేసిపెడదామనీ..."

"నాన్న మీద ఇంత ప్రేమ! నిన్నటిదాకా ఏ డబ్బాలో దాచారు?"

ఊళ్లో కొట్లకు వెబ్ పేజీలు చేయడమే నా పని. మావయ్య పున్నయ్యగారిది స్టీలు సామాన్ల కొట్టు. ఊరంతా ఆయన్ని 'టంగు పున్నయ్య' అంటారు. ఏ వస్తువైనా వేలి కణుపుతో కొట్టి, మోత విన్నాకే నమ్ముతారు. పెళ్లిచూపుల్లో నా వీపు మీద కూడా ఒకటి కొట్టి, కాసేపు చెవి ఒగ్గి, "సరే, ఖాయం చేద్దాం" అన్నారు.

పేజీ అద్భుతంగా కుదిరింది. సామాను కొనేవాళ్లు పేర్లు కొట్టించుకుంటారు కదా? పేజీలో పేరు టైపు చేస్తే చాలు, కొట్టకముందే టిఫిన్ బాక్సు బొమ్మ మీద ఆ పేరు చెక్కినట్టు కనపడుతుంది. ఇంకా నెట్‌లోకి ఎక్కించలేదు. కొట్టులో కంప్యూటర్లోనే పెట్టి పరీక్షిస్తున్నాను.

పరీక్షలో ఒక పద్ధతి ఉంది. పేజీని కదిలించే ప్రాణం స్క్రిప్టు. బ్రౌజరు సెట్టింగుల్లో దాన్ని ఆపేసి, అప్పుడు పేజీ ఎలా ఉంటుందో చూడాలి. పెళ్లయిన వారంలో ఒక సాయంత్రం మిరపకాయ బజ్జీలు తింటూ ఇదంతా వందనకు గంటసేపు చెప్పాను. "స్క్రిప్టు ఆగినప్పుడు మాత్రమే కనపడేలా పేజీలో ఒక మాట దాచిపెట్టొచ్చు, తెలుసా?" అని కూడా అన్నాను. తను ఆవలించింది. బీకాం చదివిన పిల్లకు ఇవెక్కడ ఎక్కుతాయిలే అని తన వాటా బజ్జీ కూడా నేనే తినేశాను.

మొదటిరోజు కొట్టులో కూర్చుని స్క్రిప్టు ఆపానో లేదో, వెనక తలుపులోంచి వందన టీ గ్లాసుతో వచ్చింది. జడలో కనకాంబరాలు. నేను స్క్రిప్టునే కాదు, నా పేరును కూడా మర్చిపోయాను. మళ్లీ ఆన్ చేయకుండానే ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే ఫోను.

"అల్లుడుగారూ, బాక్సు మీద పేరు పడట్లా. రెండుసార్లు గట్టిగా కొట్టి చూశా."

"కీబోర్డునా మావయ్యగారూ?"

"కాదయ్యా, తెరని. మోత బాగానే ఉంది మరి!"

నాకు అప్పుడు వెలిగింది. సత్తెనపల్లికి దారి బస్టాండులో లేదు, బ్రౌజరు సెట్టింగుల్లో ఉంది!

వెళ్లాను. ఆన్ చేశాను. మావయ్యగారు మురిసిపోయారు. వందన టీ తెచ్చింది, పదినిమిషాలు కళ్లారా చూసుకున్నాను. లేచేముందు మళ్లీ ఆపేశాను. రెండ్రోజులకు ఫోను. మళ్లీ వెళ్లాను. పదకొండు రోజుల్లో నాలుగు టీలు.

నాలుగోసారే కొంప మునిగింది. నేను ఆపుతున్నది ఒక్క పేజీకి కాదు, బ్రౌజరు మొత్తానికి. మా అత్తగారు సుశీలమ్మ మధ్యాహ్నం ఆ కంప్యూటర్లోనే సీరియల్ చూస్తారట. సరిగ్గా అందులో కోడలి చేతిలో పాల గ్లాసు ఉన్న రోజున తెర తెల్లగా అయిపోయింది. పాలలో ఏం కలిపిందో ఇప్పటికీ తెలియదు.

"ఆయన అడుగుపెట్టి పోయినప్పుడల్లా ఇది చస్తంది," అన్నారు అత్తగారు. "పెద్దోళ్లు ఆషాఢం ఊరికే పెట్టారా? షట్టరు కూడా గడపే!"

షట్టరు ముందు ముగ్గుతో గీత గీశారు. కంప్యూటరుకు నిమ్మకాయ, ఎండుమిరపకాయలు కట్టారు. శుక్రవారం దానికి శాంతి చేయించాలని పంతులుగారికి కబురు కూడా పెట్టారు. అప్పటిదాకా దాన్ని తెరవొద్దన్నారు.

గురువారం బొల్లాపల్లి నుంచి పెళ్లివారు దిగారు. శ్రావణంలో పెళ్లి. రెండు వందల టిఫిన్ బాక్సులు, పేర్లతో సహా. బొమ్మ చూపిస్తేనే తీసుకుంటారట. మావయ్యగారు ఫోన్ చేస్తే పరుగెత్తుకెళ్లి గీత దగ్గర ఆగిపోయాను.

"లోపలికి రావద్దు బాబూ!" అన్నారు అత్తగారు.

మావయ్యగారు ఆలోచించారు. "అల్లుడు లోపలికి రాకూడదు, అంతేగా? కంప్యూటరు బయటికి రాకూడదని ఎవురన్నారు?"

ఐదు నిమిషాల్లో కంప్యూటరు, నిమ్మకాయతో సహా, రోడ్డవతల రసూల్ టీ బంకు బల్ల మీద ఉంది. కరెంటు తీగ రోడ్డుకు అడ్డంగా సాగింది. తీగ చూసి మాచర్ల బస్సు ఆగింది. బస్సు చూసి జనం ఆగారు. జనాన్ని చూసి ఇంకొందరు వరస కట్టారు. వరసలో ముందు నిలబడ్డ జ్ఞానమ్మ అనే ముసలావిడ ఆధార్ కార్డు నా ముందు పెట్టింది.

"వేలిముద్ర ఎక్కడెయ్యాలి నాయనా?"

"ఇది ఆధార్ కాదమ్మా, టిఫిన్ బాక్సు."

"ఏదైతేనేం, నా పేరు ఎక్కించు!"

అందరి ముందూ గొప్పగా మౌసు తిప్పి, పేజీ తెరిచాను. ముందు రోగం చూపించి, తర్వాత వైద్యం చేయాలని నా ఎత్తు.

టిఫిన్ బాక్సు పక్కన, నేనెప్పుడూ రాయని ఎర్రక్షరాలు నిండుగా కనపడ్డాయి. మూసేలోపే మావయ్యగారు ఒక్కో మాటను వేలితో తెర మీద కొడుతూ, బస్సులో చివరి సీటు దాకా వినపడేట్టు చదివారు.

"నాన్నా... ఈ అక్షరాలు... కనపడితే... స్క్రిప్టు ఆగినట్టు. అది... దానంతట అది... ఆగదు. ఆపేది... మా ఆయన. కారణం... నేను. శాంతి... కంప్యూటరుకు వద్దు. ఆయనకు... చేయించండి."

డ్రైవరు హారన్ కొట్టాడు. రసూల్ పాలు పొంగించాడు. నేను నిమ్మకాయ వెనక దాక్కోబోయాను, అది చిన్నది.

వందన వచ్చి, మూడు నొక్కుల్లో స్క్రిప్టు ఆన్ చేసింది. బొల్లాపల్లి పెళ్లికొడుకు పేరు బాక్సు మీద మెరిసింది. వ్యాపారం కుదిరింది.

"ఎప్పుడు కనిపెట్టావు?" అన్నాను గొంతు తగ్గించి.

"రెండోసారికే."

"మరి చెప్పలేదే?"

"చెప్తే మీరు రారుగా!" అంది. "అమ్మ పంతుల్ని పిలవకపోతే నెలంతా ఊరుకునేదాన్ని."

"నువ్వు ఆరోజు ఆవలించావుగా!"

"ఆవలించింది నోటితో. విన్నది చెవులతో. నా బజ్జీ తిన్నది మాత్రం మర్చిపోలేదు."

మావయ్యగారు నా వీపు మీద ఒకటి కొట్టి, చెవి ఒగ్గి, "డొల్ల," అని తేల్చారు. శిక్ష వేశారు. రెండు వందల బాక్సుల మీదా పేర్లు నేనే చేత్తో కొట్టాలి. గీత దాటకుండా, రసూల్ బల్ల మీద.

రోజూ వచ్చి కొడదాం, రోజూ తనని చూద్దామని లోలోపల ఎగిరి గంతేశాను. కానీ సుశీలమ్మగారు అప్పుడే వందన సంచి సర్దేశారు. ఆషాఢం పోయేదాకా నడికుడిలో పిన్ని ఇంట్లోనట.

శ్రావణంలో వందన మా ఇంటికొస్తూ పుట్టింటి సారెలో ఒక స్టీలు గ్లాసు తెచ్చింది. దాని మీద మావయ్యగారు స్వయంగా పేరు కొట్టారు, 'స్క్రిప్టు అల్లుడు' అని. ఇంటికి ఎవరొచ్చినా నేను దాన్ని బియ్యం డబ్బాలో దాచేస్తాను.

వచ్చినవాళ్లకు వందన సరిగ్గా ఆ గ్లాసులోనే కాఫీ ఇస్తుంది.