ఎడమ ఎరుపు, కుడి నీలం

శనివారం పొద్దున వెంకటన్న పెట్టుకున్న పని చాలా చిన్నది. పెబ్బేరు నుంచి శ్రీరంగాపూర్ దాకా పొలాల బాటన పది కిలోమీటర్లు నడవాలి. అక్కడ ఒక చాయ్ తాగి, బస్సెక్కి, తొమ్మిది లోపల ఇంట్లో ఉండాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది చెప్పండి? చెడగొట్టేవాళ్ళు లేని ఊరైతే ఏమీ లేదు.

వెంకటన్న అటవీశాఖలో పద్నాలుగేళ్ళుగా టెంపరరీ వాచర్. సోమవారం నాగర్‌కర్నూల్‌లో నడక పరీక్ష. నాలుగు గంటల్లో ఇరవై ఐదు కిలోమీటర్లు నడిస్తే పర్మినెంటు గార్డు, నడవకపోతే వయసు దాటిపోయినట్టే, మళ్ళీ అవకాశం లేదు. పోయిన సారి ఒక కానిస్టేబుల్ దగ్గర బూట్లు అడుక్కొని పోయాడు. చెప్పులతో పెరిగిన కాళ్ళవి, ముందు భాగం చాటంత వెడల్పు. సన్న మూతి బూట్లలో వేళ్ళన్నీ ఒకదానిమీదొకటి ఎక్కి, ఇరవై రెండో కిలోమీటరు దగ్గర బొబ్బలు పగిలి కూలబడ్డాడు. చెప్పులతో నడవనిమ్మంటే ఆఫీసర్లు ఒప్పుకోలేదు. ఆ మూడు కిలోమీటర్లు ఏడాదిగా అతనికి నిద్ర పట్టనివ్వడం లేదు.

అందుకే బామ్మర్ది మహేందర్ హైదరాబాదులో తాను పనిచేసే బూట్ల దుకాణం నుంచి రెండు జతలు తెచ్చాడు. ఒకటి ఎరుపు, ఒకటి నీలం.

"బావా, ఇవి తారు రోడ్డు మీద ఉరికే బూట్లు కావు. రాళ్ళల్ల, మట్టిల ఉరికెటందుకు చేసినయి, రెండిటికి మూతి వెడల్పే. ఎర్రది మస్తు అల్క, అడుగు పల్చగుంటది, కాలెట్లుంటే బూటు గట్లనే ఉంటది. నీలంది జర మందం, గని మడమకు మెత్తగుంటది, జారదు. ఒక జత ఉంచుకో, ఒకటి నేను వాపస్ తీస్కపోవాలె."

"ఏది మంచిదో ఎట్ల తెల్వాలె రా?"

"మా దుకాణంల పద్ధతే చెప్త. ఒక కాలికిది, ఒక కాలికది తొడుక్కొని నడువు. కాళ్ళే చెప్తయి."

వెంకటన్న భార్య సావిత్రమ్మ చింతపండు తూచే తక్కెడలో చెరొక బూటూ వేసి చూసి, "నీలందే జర మొగ్గుతుంది" అని తీర్పు చెప్పింది. తక్కెడ మాట తక్కెడది, కాలి మాట కాలిదని వెంకటన్న ఎడమకాలికి ఎర్రది, కుడికాలికి నీలంది తొడుక్కొని సరిగ్గా ఆరింటికి బయలుదేరాడు.

సగం దూరంలో, పొలాల బాట రోడ్డును తాకే కల్వర్టు దగ్గర ఆగి పరీక్షలు మొదలుపెట్టాడు. ఎడమకాలి మీద ఒంటికాలితో నాలుగు గెంతులు గెంతాడు. కుడికాలిని కంకర మీద బరబరా ఈడ్చి జారుతుందో లేదో చూశాడు. తర్వాత కూర్చొని, బూట్లు విప్పి, తిమ్మిరెక్కాయేమోనని పది వేళ్ళనూ ఒక్కొక్కటిగా గిల్లుకున్నాడు. అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయి. మళ్ళీ తొడుక్కొని శ్రీరంగాపూర్ వైపు సాగిపోయాడు.

ఇదంతా రోడ్డు మీద మోటారుసైకిల్ ఆపి ఒక మనిషి చూశాడు. అతను బాలరాజు, వెంకటన్న వీధివాడే. పోయినేడు వాళ్ళ నాయనకు పక్షవాతం వచ్చినప్పటి నుంచి ఆ రోగం మీద ఆ చుట్టుపక్కల తనను మించిన పండితుడు లేడని అతని నమ్మకం. మనిషి ఒక కాలు ఈడుస్తున్నాడు, వేళ్ళు గిల్లుకుంటున్నాడు. ఇంకేం కావాలి? దగ్గరికి పోయి అడగొచ్చు కదా అంటారా? అడగడు. రోగికి రోగం సంగతి చెప్పకూడదు, చెబితే గుండె ఆగుతుంది. ఇది ఆ ఊళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన నియమం. బండి తిప్పి నేరుగా సావిత్రమ్మ ముందు వాలాడు.

"అక్కా, పరేషాన్ గాకు. వెంకటన్నకు కుడికాలు పడిపోతున్నట్టుంది. మా నాయనకు గిట్లనే మొదలైంది."

సావిత్రమ్మ చేతిలోని చెంబు కిందపడింది. "అయ్యో దేవుడా! రాత్రంత నిద్రపోలే, నేనే సూడకపోతిని!"

"అక్కా, అది బూట్ల కోసం..." అని మహేందర్ నోరు తెరిచాడు.

"నీ బూట్లల్ల మన్నువడ! నీ బూట్లే తెచ్చినయి గదరా మా ప్రాణం మీదికి!"

పక్కింటి లక్ష్మీదేవమ్మ అప్పటికే పసరు వైద్యుడు శంకరయ్యను పిలుచుకొచ్చింది. పసరు పడాల్సింది పూటలోపల అన్నాడాయన. ఆకులు నూరి సీసా నింపేసరికి గంట పట్టింది. ఈలోగా రోగిని కదలకుండా పట్టుకోమని బాలరాజును బండి మీద ముందు పంపారు. వెనకాల షేరు ఆటోలో సావిత్రమ్మ, మహేందర్, లక్ష్మీదేవమ్మ, సీసాతో శంకరయ్య బయలుదేరారు.

బాలరాజు పోయేసరికి వెంకటన్న శ్రీరంగాపూర్ హోటల్ బల్ల మీద హాయిగా చాయ్ ఊదుకుంటున్నాడు. రోగికి నిజం చెప్పొద్దాయె. ఏదో ఒకటి చెప్పి బండెక్కించాలి. బాలరాజు నోటికి వచ్చిందే అన్నాడు.

"అన్నా, జల్ది నడువు. సావిత్రక్కకు పాణం బాగలేదు."

"ఏమైంది?" వెంకటన్న లేచి నిలబడ్డాడు.

"ఏం గాలే. జర కాలు... ఏం లేదు, నువ్వు బండెక్కు."

ఊళ్ళో ఎవరైనా "ఏం లేదు" అన్నారంటే అన్నీ అయిపోయాయని అర్థం. వెంకటన్న చాయ్ గ్లాసు బల్ల మీద పడేశాడు. రోడ్డు చుట్టుదారి, పొలాల బాటే దగ్గర అన్న ఒక్క సంగతే బుర్రలో మెదిలింది. బాలరాజు బండి స్టార్ట్ చేసేలోపు అతను గట్టు దూకి, పల్లిచేను అంచున పడి ఉరుకుతున్నాడు. కాలు పడిపోయిన మనిషి జింకలాగా మాయమవుతుంటే బాలరాజు నోరు తెరుచుకొని చూస్తుండిపోయాడు.

అరగంటకు ఆటో వచ్చింది. "ఏడి?" అంది సావిత్రమ్మ.

"ఉరికిండు."

"కాలు పడిపోయినోడు ఎట్ల ఉరుకుతడు రా?"

"ఆరిపోయే ముందు దీపం ఎలుగుతది సూడు..." అని శంకరయ్య అనగానే సావిత్రమ్మ శోకం ఎత్తుకుంది. ఎక్కడ పడిపోయాడోనని చేన్లన్నీ వెతకడం మొదలుపెట్టారు.

అవతల వెంకటన్న ఇల్లు చేరేసరికి తలుపుకు తాళం. అరుగు మీద కూర్చున్న ముసలి అమృతమ్మను అడిగాడు.

"పెద్దమ్మా, సావిత్రి ఏది?"

"ఏడ్సుకుంట ఆటోల పోయింది బిడ్డా. పసరు శంకరయ్య కూడ ఉన్నడు. శ్రీరంగాపూర్ దిక్కు పోయిన్రు."

ఇంకేం అనుమానం? ఇరవై ఏళ్ళు తనతో గంజో గటకో తాగిన మనిషి. టెంపరరీ జీతంతోనే ఇల్లు నడిపిన మనిషి. "దేవుడా, నౌకరీ నాకొద్దు, నా సావిత్రిని నాకియ్యి" అని పైకే అనేసి, మళ్ళీ వచ్చిన బాటనే పడ్డాడు. ఎర్ర బూటుకు రాళ్ళు గుచ్చుకున్నాయా, నీలం బూటు బరువైందా, అసలు కాళ్ళకేమైనా ఉందా లేదా అన్న ధ్యాసే లేదు.

కల్వర్టు దగ్గర పొలాల్లోంచి అతను పైకెక్కడం, రోడ్డు మీద నుంచి ఆటో, దాని వెనకే బాలరాజు బండి రావడం ఒకేసారి జరిగాయి.

"ఏమయ్యో! కాలెట్లుంది?" సావిత్రమ్మ ఆటోలోంచి దూకింది.

"నీ కాలెట్లుంది?" వెంకటన్న ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు.

"నాకేమైంది?"

"నాకేమైంది?"

ఇద్దరూ ఒకరి కాళ్ళు ఒకరు చూసుకున్నారు. నాలుగు కాళ్ళూ నిక్షేపంగా ఉన్నాయి. సావిత్రమ్మ ఏడుస్తూనే నవ్వింది, నవ్వుతూనే మొగుడి వీపు మీద ఒక్కటేసింది. వెంకటన్న కల్వర్టు గోడ మీద కూర్చొని, "అమ్మయ్య!" అని ఊపిరి వదిలాడు. ఏడాదిగా గుండెల మీదున్న బండ కూడా ఆ ఊపిరితోనే దిగిపోయినట్టనిపించింది.

"నూరిన పసరు ఒట్టిగ పోనియ్యొద్దు. ఎవలో ఒకలు తాగాలె" అన్నాడు శంకరయ్య సీసా ఊపుతూ. అందరూ బాలరాజు వైపు తిరిగారు. లక్ష్మీదేవమ్మ చేతులు పట్టింది, ఆటో డ్రైవర్ ముక్కు మూశాడు. పచ్చటి పసరు సీసాడు లోపలికి దిగింది. వారం దాకా బాలరాజు ఎవరికీ ఏ రోగమూ అంటగట్టలేదు.

ఆ గోలలో మహేందర్ మాత్రం చేతి గడియారం చూస్తూ వేళ్ళు మడుస్తున్నాడు.

"బావా, ఆరింటికి బయలెల్లినవ్. పోను పది, రాను పది, మళ్ల గీ అయిదు. ఇప్పుడు పావు తక్వ పది. ఇరవై అయిదు కిలోమీటర్లు అయిపాయె!"

వెంకటన్న నమ్మలేక బూట్లు విప్పి చూసుకున్నాడు. ఒక్క బొబ్బ లేదు.

"ఇంతకు ఏది మంచిగున్నది బావా? ఎర్రదా, నీలందా?"

"నాకేమన్న యాదికున్నదా రా? నాకు మీ అక్కనే యాదికున్నది."

సావిత్రమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. ఆ సంబరంలోనే మహేందర్ మధ్యాహ్నం బస్సుకు ఇంట్లో ఉన్న డబ్బా పట్టుకొని హైదరాబాదు వెళ్ళిపోయాడు. అందులో ఉన్నది మిగిలిన ఒక ఎర్రది, ఒక నీలంది అని ఆదివారం సాయంత్రం గానీ ఎవరికీ తట్టలేదు.

సోమవారం నాగర్‌కర్నూల్‌లో ఆఫీసర్ చూపు వెంకటన్న కాళ్ళ మీద ఆగింది. "ఏందయ్యా ఇది?"

"బూట్లు ఉండాలన్నరు సార్. రెండు ఒక్క రంగే ఉండాలని యాడన్న రాసున్నదా?"

ఆఫీసర్ కాగితాలు అటూ ఇటూ తిప్పాడు. ఎక్కడా లేదు. వెంకటన్న ఇరవై రెండో కిలోమీటరు రాయిని చూడనైనా చూడకుండా దాటి, ఇంకా పదకొండు నిమిషాలుండగానే గీత తొక్కాడు. గీత అవతల సావిత్రమ్మ మంచినీళ్ళ సీసాతో నిలబడి ఉంది. అతను నీళ్ళు తాగలేదు, ముందు కళ్ళు తుడుచుకున్నాడు.

రెండు నెలలకు ఆర్డరు వచ్చింది. చేరిన రోజే శాఖ వాళ్ళు యూనిఫారంతో పాటు అతనికి సన్న మూతి తోలు బూట్లు ఇచ్చారు, ఒక్కొక్కటి కిలో పైనే ఉంది.