పెట్టెకు పరుగు నేర్పిన రోజు

మధ్యాహ్నం నిర్మాత రాకముందే డిస్కుల పెట్టెకు పరుగు నేర్పి తీరాలని ఎడిటరమ్మ ఆ ఉదయం పళ్ళు తోముకుంటూనే సంకల్పించింది. రెండు గదుల ఆ స్టూడియోకు, నడవాలో కొలువుదీరిన ఆ పెట్టే రాజధాని. సినిమా దృశ్యాలన్నీ అందులోంచే కేబుళ్ళ వెంట కంప్యూటర్లకు తరలివచ్చేవి. తరలిరావడమన్నది మర్యాదకు అన్నమాట. నిజానికి కాళ్ళీడ్చుకుంటూ వచ్చేవి.

క్రితంసారి నిర్మాతకు సినిమా చూపిస్తుంటే ఆ నత్తనడకే ఆమె కొంప ముంచింది. ఒక బస్సు డ్రైవరు, ఉద్యోగంలో ఆఖరి సాయంత్రం, ఖాళీ బస్సులో స్టీరింగు మీద చేతులుంచి ఊరకే కూర్చునే షాటు ఒకటుంది. సినిమాకు అదే ప్రాణమని ఆమె పట్టు. తెర మీద సరిగ్గా అక్కడే బొమ్మ తడబడింది.

"చూశావా, నీ షాటు నసుగుతోంది. కోసెయ్," అన్నాడు నిర్మాత.

"కొయ్యనండి."

"ఈసారీ నసిగిందంటే వేరేవాళ్ళ చేత కోయిస్తా."

"టెక్నీషియన్ని పిలుద్దామే," అన్నాడు ఆ ఉదయం బావ, అనగా ఆమె అక్క మొగుడు, పక్కగది శబ్దసామ్రాజ్యానికి ఏకచ్ఛత్రాధిపతి.

"నా పెట్టె సంగతి నేను చూసుకుంటా. నువ్వు నీ మైకు చూసుకో బావా."

కేబుళ్ళను కలిపే కొత్త స్విచ్చి, మందపాటి కేబులు, వేగంలో పేరుమోసిన కొత్త డిస్కులు స్వహస్తాలతో బిగించింది. బొమ్మ నున్నగా జారింది. అయితే పరుగెత్తే ప్రాణికి ఒళ్ళు వేడెక్కడం సహజం. పెట్టెలోని ఫ్యాన్లు గుర్రుమన్నాయి. ఆ గుర్రు గోడ దాటి, వ్యాఖ్యానం రికార్డు చేస్తున్న బావ మైకులో పరకాయప్రవేశం చేసింది. శబ్దం కనబడ్డచోటల్లా గుడ్డ కప్పి దాని పీక నొక్కడం ఆయన వృత్తిధర్మం. పిల్లిలా వచ్చి, పెట్టె మీద దుప్పటి కప్పి వెళ్ళాడు.

గాలాడక పెట్టె వేగం తగ్గింది. తలుపేసుకుని తెర ముందు కూర్చున్న ఎడిటరమ్మకు దుప్పటి ఎలా కనబడుతుంది? అనుమానం కొత్త డిస్కుల మీదికి పోయింది. సినిమా మొత్తాన్ని వాటిలోకి మళ్ళీ కాపీ చేయమని పెట్టెను ఆజ్ఞాపించి, ఫ్యాన్లను పూర్తి వేగానికి పెంచింది. బావ బొంత తెచ్చాడు.

ఆమె ఫోను చేసింది. "బావా, పెట్టె ఎలా ఉంది?"

"ఇప్పుడే కాస్త బుద్ధొచ్చింది దానికి."

"తేడాగా ఏమైనా వినబడుతోందా?"

"ఏమీ వినబడట్లేదు. మనకు కావాల్సింది అదేగా."

ఆ భరోసాతో ఆమె మరో కాపీ మొదలుపెట్టింది. బొంత మీదికి సోఫా దిళ్ళు ఎక్కాయి.

నిర్మాత వచ్చాడు. సినిమా మొదలైంది. బస్సు కదిలింది, నిండింది, ఖాళీ అయింది. డ్రైవరు స్టీరింగు మీద చేతులుంచాడు. నడవాలో దిళ్ళ గర్భంలో ఉడికిపోయిన పెట్టె ఆ క్షణానే ప్రాణం విడిచింది. బొమ్మ బిగుసుకుపోయింది.

"ఆగిపోయిందా?"

బొమ్మ ఆగిందని ఆమెకు తెలుసు. కాని మెడ వంచడం ఆమె నేర్వని విద్య. "లేదండి. షాటే అంత."

"కదలట్లేదుగా?"

"ఆయన కదలట్లేదండి. రేపట్నుంచి ఎక్కడికి కదులుతాడు?"

తలుపు సందులోంచి తొంగిచూసిన బావకు జరిగిన ఘోరం అర్థమైంది. చంకలో ఇంకో దిండుతో సహా కిక్కురుమనకుండా కూలబడ్డాడు. తెర మీది చేతులు స్టీరింగును వదల్లేదు. ఎడిటరమ్మ నిర్మాత మీంచి చూపు తిప్పలేదు. చాలాసేపటికి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"దీన్ని ముట్టుకోవద్దు," అన్నాడు. "ఇంతసేపూ ఉండాలి."

ఆమె దిగ్విజయం ముగించిన చక్రవర్తిలా బావ వైపు చూసింది.

"అన్నట్టు, మిగతా షాట్లు ఎందుకమ్మా అలా పరుగెడుతున్నాయి? అన్నిటినీ ఇలాగే ఆపు," అన్నాడు నిర్మాత.

ఆనాటి నుంచి ఎడిటరమ్మ, ఒక్క షాటునైనా కోయనిమ్మని ఆయనతో పోరాడుతూనే ఉంది.